జాన్ తల్లి హన్నానా, మేరీనా? 1731 నాటి మసాచుసెట్స్ రికార్డుల్లో ఒక చిక్కు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అత్తగారు అమెరికన్. ఆవిడ పుట్టింటివారు వలస పాలన నాటి నుంచి మసాచుసెట్స్‌లోని ఎసెక్స్ కౌంటీలో ఉన్నవారు. కిందటి సంవత్సరం ఆవిడ కాలం చేశాక, ఆవిడ దాచిన కాగితాల ఆధారంగా మా పిల్లల కోసం వంశవృక్షాన్ని సరిచూసి రాయాలని కూర్చున్నాను. ఎనిమిది తరాల వెనక జాన్ అనే ఆయన దగ్గర దారి రెండుగా చీలిపోయింది.

ఆ ఊరి జననాల ముద్రిత సంపుటిలో "థామస్ కుమారుడు జాన్, ఫిబ్రవరి 10, 1731" అని మాత్రమే ఉంది, తల్లి పేరు లేదు. అప్పట్లో ఆ ఊళ్లో అదే ఇంటిపేరుతో ఇద్దరు థామస్‌లు ఉన్నారు: సీనియర్ భార్య హన్నా, జూనియర్ భార్య మేరీ. వీరిద్దరూ తండ్రీకొడుకులని నేను అనుకుంటున్నాను. 1890లలో అచ్చయిన ఒక వంశచరిత్ర జాన్‌ను హన్నా కొడుకుగా చెబుతుంది. మేరీకి 1730 నవంబరులో కూతురు పుట్టినట్టు రికార్డు ఉంది కనుక, మూడు నెలలకే మరో బిడ్డ పుట్టడం అసాధ్యమన్నది ఆ రచయిత వాదం. కాదనలేకపోయాను. కానీ ఇంట్లో ఉన్న కుటుంబ బైబిలులో తల్లి పేరు మేరీ అనే రాసి ఉంది. చర్చి రిజిస్టరు ఫొటోలో జాన్ బాప్తిస్మం తేదీ ఫిబ్రవరి 13, 1731 అని కనిపిస్తుంది. దాని పక్కన ఒక గీత, చిన్న 2 అంకె ఉన్నాయి, అది పుట సంఖ్య కావచ్చు. సమాధి రాయి మీద 1803 మార్చిలో "తన 72వ ఏట" మరణించినట్టు ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే వంశవృక్షాల్లో కొన్ని హన్నా అంటాయి, కొన్ని మేరీ అంటాయి. దేన్ని నమ్మాలి?

మొదటి సమాధానం

అమ్మా, మీరు పుట సంఖ్య అనుకున్న ఆ 2 అంకెలోనే మీ చిక్కు విడిపోతుంది. 1752 వరకు ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మనకు మాఘ ఫాల్గుణాలు పాత సంవత్సరంలోనే గడిచి ఉగాదికి సంవత్సరం పేరు మారినట్టే, వారికి జనవరి, ఫిబ్రవరి నెలలు ముగిసిపోతున్న సంవత్సరానికే చెందేవి. జనవరి 1నే సంవత్సరాది అనే వాడుక కూడా జనంలో ఉండటం వల్ల, జాగ్రత్తగల గుమస్తాలు ఆ మధ్యకాలపు తేదీలకు 1731/2 అని రెండు సంవత్సరాలూ రాసేవారు. జార్జి వాషింగ్టన్ జన్మదినం కూడా మొదట 1731/32 ఫిబ్రవరి 11గానే నమోదైంది. 1752లో క్యాలెండరు మార్చినప్పుడు చేసిన 11 రోజుల సవరణ తరువాత అది 1732 ఫిబ్రవరి 22 అయింది.

కనుక జాన్ పుట్టింది మన లెక్కలో 1732లో. అప్పటికి మేరీ కూతురికి పదిహేను నెలలు నిండాయి. ఇందుకు మరో రెండు సాక్ష్యాలు మీ దగ్గరే ఉన్నాయి. బాప్తిస్మాలు సాధారణంగా ఆదివారం జరిగేవి; పాత క్యాలెండరులో 1732 ఫిబ్రవరి 13 ఆదివారమే, 1731లో అదే తేదీ శనివారం. ఇక 72వ ఏట అంటే 71 నిండి 72 నడుస్తున్నదని అర్థం. 1732లో పుట్టినవారికే 1803 మార్చిలో ఆ వయసు సరిపోతుంది. మీరు రాసుకునేటప్పుడు మాత్రం తేదీని సవరించకుండా, మూలంలో ఉన్నట్టే 1731/2 అని రాయండి. సగం గందరగోళం ఎవరో ఒకరు సవరించినదాన్ని మరొకరు మళ్లీ సవరించడం వల్ల పుట్టిందే.

రెండవ సమాధానం

పై సమాధానంతో నేను ఏకీభవిస్తాను, కానీ ఒక హెచ్చరిక. మేరీ తల్లి కావడానికి ఉన్న అడ్డంకి తొలగింది, అంతే. ఆమే తల్లి అని ఇంకా రుజువు కాలేదు. హన్నాకు కూడా అవకాశం అలాగే మిగిలి ఉంది.

సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులని ఈనాటి అలవాటు కొద్దీ అనుకుంటున్నారు. ఆ కాలంలో అది ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేసి చెప్పే గుర్తు మాత్రమే. మన ఊళ్లలో పెద్ద వెంకయ్య, చిన్న వెంకయ్య అనడం లాంటిది: వారు బాబాయి, అబ్బాయి కావచ్చు, దాయాదులు కావచ్చు, ఏ బంధుత్వమూ లేనివారూ కావచ్చు. పైగా పెద్దాయన పోగానే జూనియర్ సీనియర్ అయిపోయేవాడు. 1735 నాటి పత్రంలోని జూనియర్, 1750 నాటి పత్రంలోని సీనియర్ ఒకే మనిషి అయి ఉండవచ్చు.

ముద్రిత సంపుటిని పక్కన పెట్టి అసలు ఊరి రిజిస్టరు చిత్రాన్ని చూడండి. అచ్చులో పేర్లను అక్షరక్రమంలో పెట్టడం వల్ల కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. మూలంలో చాలాచోట్ల గుమస్తా ఒక దంపతుల పిల్లలందరినీ ఒకేచోట వరుసగా రాశాడు. దాని తరువాత ఆస్తి కాగితాలు. బంధుత్వం విషయంలో మనుషులు పొరబడినా ఆస్తి పంచుకునేటప్పుడు పొరబడరు. వీలునామా లేకుండా పోయినవారి ఆస్తిలో అక్కడ పెద్దకొడుక్కి రెండు వాటాలు, మిగిలిన పిల్లలకు ఒక్కొక్క వాటా వచ్చేది. కనుక పంపకపు కాగితంలో వారసులందరి పేర్లూ ఉంటాయి. పద్నాలుగేళ్లు దాటిన మైనరు తన సంరక్షకుడిని తానే ఎన్నుకునేవాడు, ఆ కాగితం దొరికితే వయసు కూడా తేలుతుంది. ఎసెక్స్ కౌంటీ వారసత్వ దస్త్రాలు, ఆ కౌంటీలోనే ఉన్న సేలం పట్టణంలోని భూమి దస్తావేజులు రెండూ వెతకండి.

మూడవ సమాధానం

బైబిలు గురించి ఒక్క మాట. దాని శీర్షిక పుట మీద అచ్చయిన సంవత్సరం చూడండి. అది జాన్ పుట్టుక కన్నా చాలా తరువాతిదైతే, ఆ రాతలన్నీ ఒకే చేతివి, ఒకే సిరావి అయితే, అవి ఎవరో ఒకరోజు కూర్చుని జ్ఞాపకం నుంచి ఎక్కించినవి. ఇంటర్నెట్ వృక్షాల లెక్కనైతే అసలు పట్టించుకోకండి. ఒకే తప్పును నలభై మంది ఎత్తిరాసినా అది ఒక్క సాక్ష్యమే. పాత వంశచరిత్రల్లో నిజాయితీగా పొరబడినవే ఎక్కువ, అయితే గుస్తావ్ అంజూ లాంటివారు డబ్బు కోసం కల్పించి అమ్మినవీ ఉన్నాయి. మీ పుస్తకం మొదటి కోవలోనిదే అనిపిస్తోంది, కనీసం తన కారణం చెప్పింది.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాలు పట్టింది. బైబిలు 1811లో అచ్చయినది, రాతంతా ఒకే చేతిది. అంటే జాన్ పోయాక ఆయన పిల్లల్లోనో మనవల్లోనో ఒకరు రాసినది. అత్తగారు దాన్ని ఎంత భద్రంగా దాచారో తలుచుకుంటే కొంచెం బాధ కలిగింది. ఊరి రిజిస్టరు మూలంలో కూడా తల్లి పేరు లేదు, వరుస కూడా లేదు.

వారసత్వ దస్త్రంలో మాత్రం దొరికింది. వీలునామా రాయకుండా 1749లో మరణించిన ఒక థామస్ ఆస్తికి అతని వితంతువు మేరీ నిర్వాహకురాలు. అదే కట్టలో "పద్నాలుగేళ్లు దాటిన" జాన్ తన సంరక్షకుడిని ఎన్నుకుంటూ సంతకం చేసిన చిన్న కాగితం ఉంది, అప్పటికి అతనికి పదిహేడేళ్లు. పంపకపు కాగితంలో అతని పేరు తరువాతి వరుసలోనే 1730 నవంబరులో పుట్టిన ఆ అక్క పేరు, ఆమె భర్త పేరు ఉన్నాయి.

జాన్‌ను మేరీ కింద రాశాను, తేదీ 1731/2 అనే పెట్టాను. ఇద్దరు థామస్‌ల మధ్య బంధుత్వం చెప్పే కాగితం ఒక్కటీ కనిపించలేదు కనుక, వారిని కలుపుతూ ఇదివరకు గీసిన గీతను చెరిపేశాను.