స్లైమ్‌ని పైకెక్కించి తలమీద కుమ్మరించే మెషీన్: మోటారు మూలుగుతోంది, సరుకు కదలడం లేదు

మియాపూర్ రెంచి:
అపార్ట్‌మెంట్ సమ్మర్ క్యాంపులో క్విజ్ పెడుతున్నాం. తప్పు జవాబు చెప్పిన జట్టు కెప్టెన్ (అందరూ పెద్దవాళ్ళే) మీద ఆకుపచ్చ స్లైమ్ పడాలి. ఒక్కోసారికి 18 లీటర్లు, అరగంటలో మూడుసార్లు. కింద డ్రమ్ము, అర హెచ్‌పీ మోనోబ్లాక్ (ఇళ్ళలో నీళ్ళెక్కించే మోటారు పంపు), ముప్పావు అంగుళం పైపు, రెండున్నర మీటర్ల ఫ్రేము మీద 20 లీటర్ల పెయింట్ బాల్చీ. స్లైమ్ అంటే కార్న్‌ఫ్లోర్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు. స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, చుక్క కూడా ఎక్కదు. 1 హెచ్‌పీ పెడితే లాగుతుందా? బాల్చీ దానంతటదే ఒరిగి, మళ్ళీ నిలబడే ఉపాయం కూడా కావాలి.

జిగురు బాల్చీ:
మోటారు మార్చకండి, సరుకు మార్చండి. పచ్చి కార్న్‌ఫ్లోర్ కలిపిన నీళ్ళు నెమ్మదిగా కదిపితే పారతాయి, జోరుగా తిప్పితే గట్టిపడతాయి. ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) చేసేది జోరుగా తిప్పడమే కాబట్టి, అది తిరిగేచోటే ముద్ద తయారవుతుంది. 1 హెచ్‌పీ పెడితే ముద్ద ఇంకా గట్టిగా అవుతుంది, అంతే. పైగా పది నిమిషాలు కదపకుండా ఉంచితే పిండి డ్రమ్ము అడుక్కి దిగిపోతుంది.

గ్వార్ గమ్ వాడండి. మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసే పొడే అది. దీని గుణం కార్న్‌ఫ్లోర్‌కి సరిగ్గా ఎదురు: పంపులో తిరుగుతున్నప్పుడు పలచబడుతుంది, బాల్చీలో నిలబడగానే మళ్ళీ చిక్కబడుతుంది. బేగంబజారులో కేకు సామాన్లు అమ్మేచోట అడగండి. 20 లీటర్ల నీళ్ళకి 100 గ్రాములు, అంటే అర శాతం. 200 గ్రాములు వేస్తే చిక్కదనం రెండింతలు కాదు, పది రెట్ల దాకా పోతుంది, ఏ చిన్న పంపూ లాగదు.

పొడిని నేరుగా నీళ్ళలో వేస్తే పైన తడిసి లోపల పొడిగానే ఉండిపోయే ఉండలు కడతాయి. ఆ ఉండలే తర్వాత పంపు వాల్వులో ఇరుక్కుంటాయి. ముందు 300 మిల్లీలీటర్ల గ్లిజరిన్‌లో పొడి కలిపి జారుగా చేసుకోండి. డ్రిల్లుకి పెయింట్ కలిపే కడ్డీ తగిలించి నీళ్ళు సుడి తిరుగుతుండగా సన్నని ధారగా పోయండి. గంట నాననిచ్చి నైలాన్ గుడ్డతో వడకట్టాలి. పొడి కొలిచేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఆస్తమా ఉన్నవాళ్ళకి పడదు.

గ్వార్ ఒక్కటే అయితే మసకగా, సగం పారదర్శకంగా ఉంటుంది, దూరం నుంచి చూసేవాళ్ళకి ఆనదు. ఆ 20 లీటర్ల నీళ్ళలోంచే ముందుగా రెండు లీటర్లు తీసి, 200 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ని అందులో ఉడికించి చల్లార్చి కలపండి. ఉడికిన పిండితో ఇబ్బంది లేదు, పచ్చిదే పంపుని చంపేది. రంగుకి ఫుడ్ కలర్ చాలు. బోరాక్స్ మాత్రం వద్దు. గ్వార్‌తో కలిస్తే సాగే జెల్లీ అయిపోయి పైపులోనే ఉండిపోతుంది, కళ్ళకీ చర్మానికీ మంట.

ముందురోజు రాత్రి కంటే ముందు కలపకండి. మే ఎండకి ఒక్క రోజులోనే పులిసి, వాసనొచ్చి, నీళ్ళలా పలచబడిపోతుంది. బోరు నీళ్ళయినా ఫరవాలేదు, గ్వార్‌కి ఉప్పు నీళ్ళతో పేచీ లేదు.

రాణిగంజ్ పైపులు:
మోనోబ్లాక్ పక్కన పెట్టేయడమే మేలు. తడి నేల, 230 వోల్టులు, జారే మనుషులు: ఈ మూడూ ఒకచోట ఉండకూడదు. పొలాల్లో వాడే బ్యాటరీ స్ప్రేయర్‌కి ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు (రబ్బరు పొర ముందుకీ వెనక్కీ ఆడుతూ తోసేది) విడిగా దొరుకుతుంది, రాణిగంజ్‌లో అడగండి. నీళ్ళకి నిమిషానికి నాలుగు లీటర్లు రాసి ఉంటే, స్లైమ్‌కి రెండే లెక్కేసుకోండి. 18 లీటర్లకి తొమ్మిది నిమిషాలు, మీ అరగంటకి సరిపోతుంది. మొదటి బాల్చీ ముందే నింపి ఉంచుకుంటారు ఎలాగూ.

అసలు కిటుకు పైపులో ఉంది. చిక్కటి ద్రవానికి పైపు వ్యాసం రెట్టింపు చేస్తే నిరోధం చాలా రెట్లు తగ్గిపోతుంది. పంపు మూతి సన్నగా ఉన్నా వెంటనే రెడ్యూసర్ (రెండు సైజుల పైపుల్ని కలిపే ముక్క) వేసి ఒక అంగుళం గొట్టానికి మార్చండి. లేకపోతే ఆ పంపులో ఉండే ప్రెషర్ స్విచ్, పైప్ మూసుకుపోయిందనుకుని టకటకా ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. పంపు పాడైందని చాలామంది పొరబడేది ఇక్కడే. లోపలికి వచ్చే వైపు ఇంకా ముఖ్యం: పంపు డ్రమ్ము అడుగు కన్నా కిందే ఉండాలి, సరుకు దానంతటది దిగాలి. చిక్కటిదాన్ని పైకి పీల్చమంటే ఏ పంపైనా గాలే పీలుస్తుంది. సన్నజాలీ ఫిల్టర్ తీసేయండి, వడకట్టారు కాబట్టి అవసరం లేదు.

కంప్రెసర్ గాలితో పీవీసీ డ్రమ్ములోంచి తోసే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. గాలి ఒత్తిడికి పీవీసీ పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

బాలానగర్ వెల్డింగ్:
బాల్చీ సంగతి. ఇరుసు ఎక్కడ పెడతామన్నదే మొత్తం విద్య. నిండినప్పుడు బరువు కేంద్రం ఇరుసు కంటే పైన ఉండాలి, అప్పుడే బాల్చీని ఆపి ఉంచే గడియ లాగగానే బోర్లాపడుతుంది. ఖాళీ అయ్యాక ఇరుసు కంటే కిందికి రావాలి, అప్పుడే తనంతట తాను లేస్తుంది. చిక్కేమిటంటే ఖాళీ పెయింట్ బాల్చీ బరువు కేంద్రం అడుగు నుంచి 16 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, నిండినదానిది 14 లేదా 15. అంటే ఉత్త బాల్చీ ఎన్నటికీ తిరిగి లేవదు. అడుగున బయటివైపు కిలో ఇనుప ప్లేటు బిగించండి. ఖాళీ కేంద్రం 8కి దిగుతుంది, నిండినదానిది 14 దగ్గరే ఉంటుంది. ఇరుసు 11.5 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి.

ప్లాస్టిక్‌కి బెజ్జం వేయొద్దు, చీలుతుంది. చుట్టూ ఇనుప పట్టీ వేసి దానికి రెండువైపులా 12 మిల్లీమీటర్ల బోల్టులు వెల్డ్ చేయాలి. ఇరుసుని బాల్చీ నడిమధ్య కన్నా ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే ఎప్పుడూ ముందుకే ఒరుగుతుంది. ప్లేటుని కూడా కొంచెం వెనక్కే బిగించండి, లేకపోతే ఖాళీ బాల్చీ ముందుకి వాలి గడియ అందదు. గడియ మీద పడే బరువు కిలోన్నర దాటదు, మామూలు తలుపు గడియకి తాడు కడితే చాలు. 120 డిగ్రీల దగ్గర ఆగేలా గొలుసు, అది కాకుండా బాల్చీ జారిపడకుండా విడిగా ఇంకో గొలుసు. బాల్చీ కంటే ముందుగా ఫ్రేముకి 40 కిలోల ఇసుక మూటలు ఒక పూట వేలాడదీసి చూడండి.

మియాపూర్ రెంచి:
చాలా బాగా చెప్పారు, పంపు మార్చేస్తున్నా. 18 కిలోలు ఒక్కసారి మీద పడితే మెడకి ఇబ్బంది కాదా? కుర్చీ సరిగ్గా ఇరుసు కింద వేయాలా?

బాలానగర్ వెల్డింగ్:
ఇరుసు కింద వేస్తే స్లైమ్ తల మీద కాదు, తలకి ముందు పడుతుంది. ఒరిగినప్పుడు బాల్చీ అంచు ఇరుసుకి పాతిక సెంటీమీటర్లు ముందుకి వస్తుంది, ధార ఇంకాస్త ముందు పడుతుంది. తల 30 నుంచి 35 సెంటీమీటర్లు ముందుండాలి. నీళ్ళతో రెండుసార్లు పోసి నేలమీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఇరుసు తలకి 70 సెంటీమీటర్ల పైన ఉంటే చాలు, అంతకు మించి ఎత్తు వద్దు. గడియ తాడుతో పాటు బాల్చీ వెనక ఇంకో తాడు కట్టి కొద్దికొద్దిగా వదిలితే మూడు నాలుగు సెకన్ల మీద పడుతుంది. కూర్చున్నవాళ్ళకి ఈత కళ్ళద్దాలు ఇవ్వండి, తల ఎత్తొద్దని చెప్పండి.

జిగురు బాల్చీ:
కింద టార్పాలిన్ కాదు, పిల్లల గాలి టబ్బు పెట్టండి. టార్పాలిన్ మీద స్లైమ్ పడితే నిలబడటం అసాధ్యం. లేచేటప్పుడు ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకోవాలి. శుభ్రం చేసేటప్పుడు ముందే నీళ్ళు కొట్టకండి, జారుడు మొత్తం పరుచుకుంటుంది. వైపరుతో బకెట్లోకి ఎత్తి, మిగిలినదాని మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చి, ఆ తర్వాతే కడగాలి. ఎత్తిన సరుకుకి పదింతలు నీళ్ళు కలిపి మొక్కల్లో పోయవచ్చు. చిక్కగానే డ్రెయిన్‌లో పోస్తే జాలీ దగ్గర పేరుకుంటుంది. పంపులోంచి ఆ సాయంత్రమే పది లీటర్ల మంచినీళ్ళు పోనివ్వండి, వాల్వుల రబ్బరు మీద ఎండితే మర్నాటికి అంటుకుపోతుంది.