పుల్లీ పెట్టాక నేనే గాల్లోకి లేచాను

గులకరాయి:
మొన్న ఆదివారం భువనగిరి బండ మీద, నిట్టనిలువుగా ఉన్న చోట టాప్ రోప్ కట్టాం: తాడు పై నుంచి తిరిగి వస్తుంది, ఒక కొస ఎక్కేవాడికి, రెండోది కింద ఉన్నవాళ్లకు. నా బరువు 52 కిలోలు, ఎక్కే మిత్రుడిది 74. ఆరు నెలలుగా అతడికి నేనే బిలే (పడకుండా కింద నుంచి తాడు పట్టడం) చేస్తున్నాను, ఏనాడూ నా కాళ్లు నేలను వదల్లేదు. తాడు అరిగిపోతోందని ఈసారి పైన కరాబినర్ల (తాడు దూర్చే లోహపు కొక్కేల) బదులు బేరింగు పుల్లీ పెట్టాం. పట్టు జారి అతడు తాడు మీద వేలాడాడో లేదో, నేను పైకి తేలిపోయాను! నడిమధ్యలో ఎదురుపడి, ఒకరి హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) ఒకరం పట్టుకుని ఆగాం. బిలే పరికరం తాడును బాగానే పట్టింది. మరి తేడా ఎక్కడ వచ్చింది?

లెక్కల_మాస్టారు:
పుల్లీలోనే అమ్మా. తాడు కరాబినర్ మీదుగా 180 డిగ్రీలు తిరిగేటప్పుడు రాపిడి కొంత భారాన్ని మింగేస్తుంది. ఉజ్జాయింపుగా అతడి వైపు బిగువులో 60 శాతమే మీ వైపుకు వస్తుంది. 74లో అది సుమారు 44 కిలోలు. మీరు 52, కాబట్టి నేల మీదే ఉన్నారు. మంచి పుల్లీలో 90 శాతం దాకా వచ్చేస్తుంది, అంటే 67 కిలోలు. ఇక మీరు లేవకుండా ఎలా ఉంటారు?

పాతతాడు:
యాంకర్ (పైన తాడును మోసే కట్టు) సంగతి కూడా చూడండి. కరాబినర్‌తో దాని మీద 118 కిలోలు పడేది, పుల్లీతో 141.

గులకరాయి:
అలాగైతే "కాస్త పైకి లాగు" అని అతడు అరిచినప్పుడు నేనెంత వేలాడినా కదిలేవాడు కాదు. అదీ ఇదేనా?

లెక్కల_మాస్టారు:
అదే. అప్పుడు రాపిడి అతడి పక్షాన చేరుతుంది. మీ 52 కిలోలూ తాడు మీద వేసినా అతడికి అందేది 31. పట్టి ఉంచడానికి తోడ్పడే రాపిడి లాగడానికి అడ్డం పడుతుంది.

సన్నకాడ:
లావు కరాబినర్ వాడితే రాపిడి తగ్గుతుందంటారు, నిజమేనా?

లెక్కల_మాస్టారు:
రాపిడి సూత్రంలో కరాబినర్ వ్యాసానికి చోటు లేదు, తాడు మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే లెక్క. కాకపోతే అసలు తాడు వంగడానికి మొరాయిస్తుంది, సన్నటి లోహం మీద ఇంకొంచెం.

బాదామి_ఎర్రరాయి:
లీడ్‌లో (పై నుంచి తాడు లేకుండా, ఎక్కుతూ బోల్టులకు తాడు తగిలించుకుంటూ పోయేటప్పుడు) ఆ డిగ్రీలే కొంప ముంచుతాయి. బాదామిలో ఒకసారి బోల్టులు కుడికీ ఎడమకీ ఉన్న దారిలో అన్నిటికీ పొట్టి క్విక్‌డ్రాలే (బోల్టుకు తాడును తగిలించే, పట్టీతో కలిపిన జంట కరాబినర్లు) వేశాను. ఎనిమిదో బోల్టు దగ్గర తాడు లాక్కోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. అక్కడి నుంచి పడితే కింద బిలేయర్‌కు చిన్న కుదుపే, నాకు మాత్రం నడుము విరిగినంత పని అయింది. మెలికల కింద ఉన్న తాడు సరిగా సాగదు, దెబ్బంతా పైనున్న కొద్ది తాడే భరిస్తుంది. అప్పటి నుంచి పక్కకున్న బోల్టులకు పొడవు స్లింగ్ (పట్టీ) వేస్తున్నాను.

పాతతాడు:
బరువు తేడా ఇంత ఉన్నప్పుడు లీడ్‌లో మొదటి బోల్టుకు ఎడెల్‌రిడ్ కంపెనీ వాళ్ల ఓమ్ అనే పరికరం తగిలిస్తాం. పడినప్పుడు అదే రాపిడి పెంచుతుంది. మీ టాప్ రోప్‌కు అంత అక్కర్లేదు: వెనుక కదలని రాతిగుండు ఒకటి చూసుకుని, తాడు లాగే దిశకు సూటిగా, దానికి మీ హార్నెస్‌ను కట్టండి. ఆ పుల్లీ ఇంట్లో పెట్టండి.

గులకరాయి:
పుల్లీ మిత్రుడిదే, తీసుకుపోయాడు. వచ్చే వారం పాత కరాబినర్లే.