పంటి నొప్పికి మాత్ర అడుగుతారు, డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళరు. ఎందుకు?

మందులకొట్టు_గుణుపురం:
కౌంటరు దగ్గర కూర్చునేవాణ్ణి. సంత రోజు వస్తే పంటి నొప్పి మాత్రలే మాత్రలు. చెంప బూరెలా వాచి ఉంటుంది, "డాక్టరుకి చూపించారా?" అంటే "తగ్గిపోద్ది లెండి" అంటారు. పర్లాకిమిడికైనా పాతపట్నానికైనా నౌపడా రైలెక్కితే చాలు. మరి భయమా, డబ్బా? ఇలాంటివాళ్ళకి ఏం చెబితే కదులుతారు?

పళ్ళడాక్టరు_పర్లాకిమిడి:
భయమూ కారణమే, డబ్బూ కారణమే. కానీ ఎక్కువమందిని మోసం చేసేది నొప్పే. పైనుండే ఎనామిల్‌లో నరం లేదు, అందుకే పుచ్చు మొదలైనట్టు తెలీదు. లోపలి డెంటిన్ పొరకి దిగాక చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, మింగేయగానే పోతుంది. ఈ దశలో వస్తే ఒక్క పూటలో ఫిల్లింగ్‌తో అయిపోతుంది. నరం వాచాక అలా కాదు. చల్లదనం పోయినా అర నిమిషం దాటి లాగుతూనే ఉంటుంది. పడుకుంటే తలవైపు రక్తం పోటెక్కి రాత్రంతా సలుపు. మీ షాపుకొచ్చేది అప్పుడే.

ఆ తర్వాతే అసలు చిక్కు. మాత్రలు మింగుతుండగా నరం చచ్చిపోతుంది, నొప్పి టక్కున ఆగుతుంది. మాత్ర పనిచేసిందనుకుంటారు. కొన్నాళ్ళకో, కొన్ని నెలలకో వేరు చివర చీము పడుతుంది. చచ్చిన నరంలోకి రక్తం వెళ్ళదు కాబట్టి యాంటీబయాటిక్ కూడా చేరదు. వాపు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.

ఇంకోటి. చీము పట్టిన చోట ఆమ్లత పెరుగుతుంది, అక్కడ మత్తుమందు లిగ్నోకైన్ సరిగా పట్టదు. "మత్తిచ్చినా ప్రాణం పోయింది" అని ఊళ్ళో చెప్పేవాళ్ళలో చాలామంది ఇలా ఆఖర్న వచ్చినవాళ్ళే. అది విని పక్కింటివాళ్ళు ఇంకో ఏడాది ఆగుతారు.

కుర్చీపక్కన:
పళ్ళ క్లినిక్‌లో కుర్చీ పక్కన సాయంగా ఉంటాను. డాక్టరు గారు చెప్పినదానికి తోడు, సగంలో మానేసేవాళ్ళ సంగతి. రూట్ కెనాల్ మొదటి రోజు పన్ను తెరిచి నరం తీసేసి, పైన తాత్కాలిక సిమెంటు పెడతారు. నొప్పి పోతుంది, మనిషి మళ్ళీ కనబడడు. ఆ సిమెంటు కొద్ది వారాలకే అరుగుతుంది, ఉమ్ము లోపలికి దిగి మళ్ళీ చీము. అంతా పూర్తయినా దవడ పన్నుకి క్యాప్ వేయించుకోకపోతే ఓ రోజు పల్లీ కొరికితే నిలువునా చీలుతుంది. "రూట్ కెనాల్ దండగ" అన్న మాట అక్కడ పుడుతుంది.

పై పన్ను పీకితే చూపు పోతుందన్నది ఉత్త మాట. కంటి నరం వేరు, పంటి నరం వేరు. క్లీనింగ్‌తో పళ్ళు వదులవుతాయన్నదీ అంతే. గార పళ్ళను పట్టి ఉంచినట్టు కనిపిస్తుంది, నిజానికి దాని కింద ఎముక కరుగుతోంది. గార తీశాకే ఆ వదులు బయటపడుతుంది.

కింది దవడ మత్తు ఇంజెక్షన్‌కి 5 నిమిషాలైనా ఆగాలి. కింది పెదవి మొద్దుబారిందో లేదో చూసుకోండి. బారకపోతే చెయ్యెత్తి చెప్పాలి, సిగ్గేమీ లేదు.

మందులకొట్టు_గుణుపురం:
బాగా చెప్పారండీ. కానీ ఆ పూటకి ఏదో ఒకటి ఇవ్వమంటారు కదా? చాలామంది గుడాకు రుద్దుకునే వస్తారు.

పళ్ళడాక్టరు_పర్లాకిమిడి:
గుడాకులో ఉన్నది పొగాకు. కాసేపు మొద్దుబారుస్తుంది, అంతకి పదింతలు చిగుళ్ళని తినేస్తుంది. గుడాకు రుద్దేవాళ్ళ బుగ్గ లోపల తెల్లమచ్చ గానీ 2 వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే నొప్పి లేకపోయినా పంపండి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకైతే అంగిలి చూడాలి.

అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా, గర్భం లేనివాళ్ళకి, రక్తం పలచబరిచే మందు వాడనివాళ్ళకి తిన్నాక ఐబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 500 ఆ పూట గడవడానికి చాలు. ఆస్ప్రిన్ మాత్ర చిగురు మీద పెట్టుకోనివ్వకండి, కాలి తెల్లగా ఊడొస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ వద్దు.

వాపు దవడ కిందికి, మెడకి దిగినా, మింగలేకపోయినా, నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోయినా మాత్ర మాటే వద్దు. ఆ రాత్రే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికో శ్రీకాకుళం పెద్దాసుపత్రికో పంపండి. ఊపిరి ఆడని పరిస్థితికి గంటల్లో చేరవచ్చు.

కుర్చీపక్కన:
ఖాళీ కడుపుతో మాత్రం రావద్దనండి, కుర్చీలో కళ్ళు తిరుగుతాయి. గుండెకి రక్తం పలచబరిచే మాత్ర వాడేవాళ్ళు సొంతంగా ఆపేసి వస్తున్నారు, అది పన్ను కంటే ప్రమాదం. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేసుకు రమ్మనండి, చాలు.