హాలూసినేషన్ అంటే పిచ్చి అనేనా?

కొబ్బరాకు:
మా అమ్మమ్మకి 82, గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గిపోయింది. ఈమధ్య సాయంత్రమైతే చాలు గోడవారన పిల్లలు కూర్చున్నారు, రంగురంగుల లంగాలు కట్టుకున్నారు అంటోంది, పక్కింటావిడేమో గాలి సోకింది తాయెత్తు కట్టించండి అని ఒకటే గొడవ. డాక్టర్ చీటీలో విజువల్ హాలూసినేషన్స్ అని రాశారు. డిక్షనరీలో చూస్తే భ్రాంతి అని ఉంది, ఇల్యూజన్‌కీ భ్రాంతే. ఆఫీసులో చాట్‌జీపీటీ తప్పు చెప్పినా హాలూసినేట్ చేస్తోంది అంటారు. అసలీ మాట దేనికి వాడతారు?

రచ్చబండ:
తాడుని చూసి పాము అనుకుంటే ఇల్యూజన్, అక్కడ తాడైనా ఉంది కదా. ఏమీ లేనిచోట పాము కనపడితే హాలూసినేషన్. పాము కనపడదు గానీ పక్కింటోళ్లు నా మీదకి పాముని వదలబోతున్నారని నమ్మేసి ఎవరెంత చెప్పినా వినకపోతే అది డెల్యూజన్. చూపే కాదు, ఎవరూ లేకుండా గొంతులు వినపడినా హాలూసినేషనే. పిచ్చి అని కాదండీ, జ్వరం ఎక్కువైనా, రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా రావచ్చు.

నిద్రరాదు:
ఏఐ సంగతి వేరు, దానికి కళ్లెక్కడివి? లేని పుస్తకాలు లేని తీర్పులు ఉన్నట్టే ధీమాగా రాసేస్తే ఆ మాట వాడుతున్నారు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు అలాంటి ఉత్తుత్తి కేసులు కోర్టులో పెట్టి 5000 డాలర్లు ఫైన్ వేయించుకున్నారు, అదే ఏడాది కేంబ్రిడ్జ్ డిక్షనరీ హాలూసినేట్‌ని వర్డ్ ఆఫ్ ది ఇయర్ చేసింది. నన్నడిగితే కోతలు కోస్తోంది అంటే సరిపోయేది 😀

కళ్లజోడు:
కొబ్బరాకు గారూ, ఆ పిల్లలు ఏమైనా మాట్లాడతారా? వాళ్లు నిజంగా లేరని అమ్మమ్మగారికి తెలుసా?

కొబ్బరాకు:
ఉలుకూ పలుకూ ఉండదట. తెలుసండీ, "లేరని తెలుసే, కానీ కనపడుతున్నారు" అని తనే నవ్వుతుంది.

కళ్లజోడు:
అయితే చార్లెస్ బోనే సిండ్రోమ్ ఏమో అడగండి. 1760లో చార్లెస్ బోనే అనే స్విట్జర్లాండ్ ఆయన వాళ్ల తాతగారి గురించి రాశాడు, శుక్లాలతో చూపు పోయిన పెద్దాయనకి మనుషులు, పక్షులు, బండ్లు కనపడేవి, మతి మాత్రం శుభ్రంగా ఉండేది. కళ్ల నుంచి సమాచారం తగ్గేసరికి మెదడే బొమ్మలు తయారు చేసుకుంటుంది. కనపడినప్పుడు లైటు వేసి, చూపుని అటూ ఇటూ తిప్పమనండి, కొందరికి పోతాయి. కానీ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, జ్వరం వచ్చినా ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, యూరిన్ ఇన్ఫెక్షన్ వల్ల కూడా పెద్దవాళ్లకి ఇలా అవుతుంది. వాడే మందుల చీటీలన్నీ వెంట పెట్టుకెళ్లండి.