అక్క కొడుకు గది దాటి రావడం లేదు. ఆ ఇంటికి నేను ఎలా ఆసరా కాగలను?

ప్రశ్న: ఆదివారం పిన్ని

మా అక్క కొడుక్కి 16 ఏళ్లు. నాలుగో ఏట ఆటిజం అని తేలింది. మాటలు వచ్చు, చదువు వచ్చు. వాడికి ప్రాణం సీలింగ్ ఫ్యాన్లు. ఎవరింటికి వెళ్లినా ముందు తల పైకెత్తి చూసేవాడు. కళ్లు మూసుకుని శబ్దం విని, రెక్కలు మూడా నాలుగా, బేరింగు అరిగిందా లేదా చెప్పేవాడు. నాకు ఫోను చేస్తే మొదటి మాట, "పిన్నీ, మీ హాల్లో ఫ్యాను ఇంకా టకటకమంటోందా?" అనే.

ఐదు నెలలుగా ఆ మాట లేదు. బడికి వెళ్లడం మానేశాడు. పగలు పడుకుంటాడు, రాత్రంతా గదిలో అటూ ఇటూ నడుస్తుంటాడు. స్నానం చేసి పది రోజులు దాటినా పట్టదు. తలుపు దగ్గర పళ్లెం పెడితే సగం తిని వదిలేస్తాడు. ఫ్యాను మాత్రం ఎప్పుడూ ఆపే ఉంటుంది. ఉక్కపోస్తున్నా వేయనివ్వడు. రెండుసార్లు తల గోడకు కొట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ అలవాటు ఉండేది, ఆరేళ్లుగా లేదు.

మొదట చూపించిన వైద్యుడు "ఆటిజం ఉన్న పిల్లలు ఈ వయసులో ఇలాగే ఉంటారు" అని పంపేశారు. అంతా ఫోను వల్లే అంటారు మా బావగారు. అక్క ఏమీ అనదు. రాత్రిళ్లు వాడి గది గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది. వాడి చెల్లెలికి 11 ఏళ్లు. ఆ పిల్ల సొంత ఇంట్లో మునివేళ్ల మీద నడుస్తోంది.

నేను ప్రతి ఆదివారం వెళ్తాను. "ఏదైనా కావాలంటే చెప్పు అక్కా" అంటాను. "ఏమీ వద్దులే" అంటుంది. కాసేపు కూర్చుని వచ్చేస్తాను.

మొన్న ఆదివారం తలుపు సందులోంచి మాట్లాడుతుంటే, వాడు ఉన్నట్టుండి "నేను లేకపోతే అమ్మ పడుకునేది" అన్నాడు. ఫ్యానుకు ఎన్ని రెక్కలో చెప్పినంత మామూలుగా అన్నాడు. అది భయపడాల్సిన మాటో కాదో నాకు తెలియలేదు. అక్కకు చెప్పలేదు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

జవాబు: పెద్దమ్మాయి అమ్మ

అమ్మా, ముందు మీరు చివర రాసిన మాట గురించి. దాన్ని ఈ రాత్రికే మీ అక్కకూ బావగారికీ చెప్పండి. మా అమ్మాయి 15వ ఏట అలాంటి మాటే, అలాంటి గొంతుతోనే అంది. గొంతులో ఏడుపు లేదు కదా అని నేను ఊరుకున్నాను. పదకొండు రోజుల తర్వాత ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. ఇప్పుడు తనకు 19. పక్క గదిలో కుట్టుపని చేసుకుంటోంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ఇంట్లో ఉన్న మందులన్నీ, ఒక్క మాత్ర కూడా మిగలకుండా, తాళంలోకి వెళ్లాలి. అబ్బాయిని సూటిగా అడగాలి: "చనిపోవాలని అనిపిస్తోందా?" డొంకతిరుగుడుగా అడిగితే మన పిల్లలకు అర్థం కాదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. అవునని చెప్పి, ఎలాగో కూడా చెబితే అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. ఒంటరిగా వదలకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఇక "ఆటిజం పిల్లలు ఇంతే" అన్న మాట. మాకు ఆ మాటతోనే ఎనిమిది నెలలు పోయాయి. ఆటిజం ఐదు నెలల కిందట మొదలు కాలేదు కదా! ఐదు నెలల కిందట మొదలైంది ఇంకేదో ఉంది. 2008లో ఎమిలీ సిమనాఫ్ బృందం బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 10–14 ఏళ్ల పిల్లలను 112 మందిని పరిశీలిస్తే, 70 శాతం మందికి దానితో పాటు కనీసం మరొక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. ఆ అంకెను చీటీ మీద రాసుకుని రెండో వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆవిడ చీటీ అడగలేదు, నా మాటే విన్నారు. కానీ ఆ చీటీ చేతిలో ఉండబట్టే నా నోరు పెగిలింది.

వైద్యుడి దగ్గర అబ్బాయిని వేరే పిల్లలతో పోల్చి చెప్పకండి, నిరుటి అబ్బాయితో పోల్చి చెప్పండి. నిరుడు ఎన్ని గంటలు పడుకునేవాడు, ఎంత తినేవాడు, ఏ విషయం గంటసేపు చెప్పేవాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు. ఒక నోటు పుస్తకంలో రెండు వారాలు రాయండి. మీరు రాసిన ఫ్యాను సంగతి ఉందే, అదే మొదటి పేజీలో ఉండాలి. మా అమ్మాయికి రంగు దారాలంటే పిచ్చి. ఆ డబ్బా మీద దుమ్ము పేరుకున్న రోజునే నేను గ్రహించి ఉండాల్సింది. ఈ పుస్తకం రాసే పని మీరే తీసుకోండి. మీ అక్క చేతిలో ఇంకొక పని పెట్టకండి.

"ఏదైనా కావాలంటే చెప్పు" అనడం మానేయండి. అంత అలసిన మనిషికి తనకేం కావాలో వెతికి చెప్పడం కూడా బరువే. మా వదిన అడగలేదు. "మంగళవారం, శుక్రవారం నాలుగు నుంచి ఆరు దాకా నేను హాల్లో కూర్చుంటాను, నువ్వు పడుకో" అంది. మొదటి వారం మంచం మీద చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. రెండో వారం నిద్రపోయాను. ఆ నిద్ర ఈ రోజుకీ గుర్తుంది నాకు.

జవాబు: నిశ్శబ్దం ఇష్టం

నాకు 31 ఏళ్లు. ఆటిజం ఉందని 24వ ఏట తెలిసింది. 17వ ఏట మీ అబ్బాయిలాగే గదిలో ఉండిపోయాను.

మా గొంతు పలికేది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. గొంతును బట్టి లోతు కొలవకండి.

"ఎలా ఉన్నావు?" అని అడిగితే నా దగ్గర నిజంగా జవాబు ఉండేది కాదు. లోపల ఏదో జరుగుతోందని తెలుస్తుంది, అది దిగులో భయమో ఆకలో తెలియదు. దీన్ని అలెక్సితైమియా అంటారు. ఆటిజం ఉన్న అందరికీ ఉండదు గానీ చాలామందికి ఉంటుంది. మా అన్న ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాశాడు: తల బరువుగా ఉంది, శబ్దాలు భరించలేకపోతున్నాను, ఏమీ అనిపించడం లేదు, వేరే. పెన్సిలుతో సహా తలుపు కింద నుంచి తోశాడు. రెండు రోజుల తర్వాత మూడో వరుసకు టిక్కు పెట్టి తిరిగి తోశాను. ఆ ఏడాదిలో నేను ఇంకొకరికి చెప్పిన మొదటి నిజం అదే.

అబ్బాయి బడి మానేయడానికి ముందు ఏం జరిగిందో తెలుసుకోండి. ఎవరైనా ఏడిపించి ఉండవచ్చు. ఎవరూ ఏమీ చేయకపోయినా కావచ్చు. నేనైతే అందరిలా కనిపించాలని రోజంతా చేతులు ఊపకుండా బిగపట్టుకుని, బలవంతంగా కళ్లలోకి చూస్తూ, ఏ మాటకు ఎంత నవ్వాలో లెక్కపెట్టుకుంటూ గడిపేవాణ్ణి. ఒక రోజు అది ఇక చేతకాలేదు. ఒళ్లు నూనె అయిపోయిన దీపంలా ఆగిపోయింది. అలాంటి వాణ్ణి "రేపటి నుంచి బడికి పో" అని తోస్తే ఇంకా లోపలికి వెళ్లిపోతాడు.

తల కొట్టుకునేటప్పుడు గోడకూ తలకూ మధ్య దిండు పెట్టండి. దీపం తగ్గించండి. ప్రశ్నలు, బుజ్జగింపులు, తిట్లు అన్నీ ఆపండి. గట్టిగా పట్టుకుంటే నాకైతే ఇంకా పెరిగేది. ఎవరైనా ఒకరు చెల్లెల్ని పక్కకు తీసుకెళ్లాలి.

మీరు ఆదివారం వస్తే అదే సమయానికి రండి. రాలేకపోతే ముందే రాసి పంపండి. మీరు వస్తారన్నది వాడికి ఆ వారంలో ఖాయమైన ఒకే ఒక్క సంగతి కావచ్చు.

జవాబు: పిల్లల వార్డు నర్సు

పై ఇద్దరూ అసలైనవి చెప్పారు. నేను చూసినవి కొన్ని కలుపుతాను.

మానసికమే అని తేల్చే ముందు ఒంటి సంగతి చూడమని అడగండి. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం చెప్పుకోలేక తల కొట్టుకున్న పిల్లలు ఉన్నారు. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ కౌమారంలో కొత్తగా మొదలుకావచ్చు, అదీ చూడాలి.

నడుస్తూ మధ్యలో బిగుసుకుపోవడం, గుమ్మం దాటడానికి నిమిషాలు పట్టడం, ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది మొండితనం కాదు, కాటటోనియా కావచ్చు. లోర్నా వింగ్, అమితా షా 2000లో ప్రచురించిన పరిశీలనలో, తమ దగ్గరకు వచ్చిన ఆటిజం ఉన్నవారిలో 15 ఏళ్లు, ఆపై వయసువారిలో 17 శాతం మందికి ఆ లక్షణాలు కనిపించాయి. లోరాజెపామ్ వంటి మందులతో చికిత్స ఉంది. ఆలస్యమైతే తిండి, నీళ్లు కూడా ఆగిపోతాయి.

మందు రాస్తే అది దేనికో అడగండి. రిస్పెరిడోన్‌కు 2006లో, అరిపిప్రజోల్‌కు 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకు తగ్గించడానికి. దిగులుకు వాడే మందులు వేరు. వాటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదటి వారాల్లో కాలు నిలవనంత అస్థిమితం, నిద్ర పట్టకపోవడం, చావు ఆలోచనలు ఎక్కువ కావడం కనిపిస్తే అదే రోజు వైద్యుడికి చెప్పాలి. సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు.

ఆదివారం పిన్ని

మూడు వారాలైంది. ఆ రాత్రే అక్కకు చెప్పాను. నా మీద అరిచింది, ఇన్ని రోజులు ఎందుకు దాచావని. తర్వాత ఇద్దరం కలిసి మందుల డబ్బాకు తాళం వేశాం.

సూటిగా అడిగింది బావగారే. నేను అనుకోలేదు. తలుపు పక్కన నేల మీద కూర్చుని అడిగారు. "అప్పుడప్పుడు. ఎలా అని ఆలోచించలేదు" అన్నాడు వాడు. బావగారు చాలాసేపు అక్కడే కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఫోను మాట ఎత్తలేదు.

కొత్త వైద్యురాలికి నోటు పుస్తకం చూపించాం. ఫ్యాను పేజీ రెండుసార్లు చదివి, "ఇది తీవ్రమైన డిప్రెషన్" అన్నారు. మందు మొదలై తొమ్మిది రోజులు. ఇంకా పెద్ద మార్పు లేదు. వారానికోసారి చూపించమన్నారు. పంటి వైద్యుడి దగ్గరకు ఇంకా తీసుకెళ్లలేకపోయాం.

బుధ, శనివారాలు మూడు నుంచి ఐదు దాకా నావి. బుధవారం అక్క పడుకుంటుంది. శనివారం చిన్నదాన్ని బయటకు తీసుకెళ్తాను. మొదటి శనివారం మెట్లు దిగుతూనే "పిన్నీ, ఇవాళ అన్నయ్య గురించి మాట్లాడుకోవద్దు, సరేనా?" అంది. సరేనన్నాను. రోడ్డు మీదకు రాగానే చెప్పులు టపటపలాడిస్తూ నడిచింది.

"నిశ్శబ్దం ఇష్టం" గారిని ఒకటి అడగాలి. మా ఇంట్లో టకటకమనే ఆ ఫ్యానును విప్పించాను. బేరింగు పూర్తిగా అరిగిపోయింది. దాన్ని తీసుకెళ్లి వాడి తలుపు దగ్గర పెట్టనా? ఆశ పెట్టినట్టు, పరీక్షించినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

నిశ్శబ్దం ఇష్టం

పెట్టండి. ఏమీ అడగకండి. తీశాడా లేదా అని తొంగి చూడకండి. ఒక చీటీ మీద "మా హాల్లో ఫ్యానుది, విప్పించాను" అని మాత్రం రాయండి. వారమైనా అక్కడే ఉంటే ఉండనివ్వండి.