భగవతి గారి శరణార్థి చట్టం ముసాయిదా: మనకు కావాలా, వద్దా?

గోదారిగట్టు:
భారత ప్రధాన న్యాయమూర్తిగా 1986లో రిటైరైన పి.ఎన్. భగవతి, ఆ తర్వాత శరణు కోరి వచ్చేవాళ్ల పక్షాన నిలబడి దక్షిణాసియా దేశాల కోసం ఒక నమూనా చట్టం రూపొందించే పనికి నాయకత్వం వహించారు. 1997లో ఢాకాలో ఆ ముసాయిదా బయటికొచ్చింది. మన పార్లమెంటు నేటికీ అలాంటి చట్టం చేయలేదు. చేసి తీరాలని నా వాదన. సరిహద్దులు బార్లా తెరవమని ఆయన అడగలేదు. దరఖాస్తు విని తేల్చడానికి ఒక కమిషనర్, కాదంటే అప్పీలుకు ఒక కమిటీ, ప్రాణాపాయం ఉన్నచోటికి తిప్పి పంపకూడదన్న నియమం. యుద్ధ నేరాలు చేసి వచ్చినవాడికి అందులో రక్షణ లేదు.

సరిహద్దురేఖ:
ఆయన మీద గౌరవం ఉంది, ముసాయిదాతోనే పేచీ. శరణార్థుల రక్షణకు దేశాలు కుదుర్చుకున్న 1951 ఒప్పందం మీద గానీ దానికి చేర్చిన 1967 ప్రోటోకాల్ మీద గానీ మనం సంతకం పెట్టలేదు. పెట్టకుండానే 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన దాదాపు కోటి మందికి తిండీ నీడా చూశాం. టిబెటన్లకు, శ్రీలంక తమిళులకు చోటిచ్చాం. ప్రభుత్వం చేతిలో వెసులుబాటు ఉంది కాబట్టే అది కుదిరింది. విదేశీయుణ్ని పంపించే అధికారానికి హద్దు లేదని హాన్స్ ముల్లర్ కేసులో (1955) సుప్రీంకోర్టే చెప్పింది. ఆశ్రయాన్ని హక్కుగా రాస్తే, కాదన్న ప్రతి ఫైలూ కోర్టుకెక్కుతుంది.

కోర్టువరండా:
వెసులుబాటు ఢిల్లీలో ఉంటుందేమో, పోలీస్ స్టేషన్‌లో ఉండదండీ. కాగితాలు లేకుండా దొరికిన మనిషి విషయంలో తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి.

24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలన్న రాజ్యాంగం 22వ అధికరణం శత్రుదేశ పౌరుడికి తప్ప మిగతా విదేశీయులకూ వర్తిస్తుంది. కస్టడీలో ఉన్నవాడికి ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలోని 12వ సెక్షన్ అంటుంది, అక్కడ పౌరసత్వం షరతు లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు దెబ్బ తర్వాత పడుతుంది. త్వరగా బయటపడొచ్చని నేరం ఒప్పుకోమంటారు. ఒప్పుకుంటే శిక్ష పడుతుంది, శిక్ష ముగిశాక వదలరు, దేశం దాటించేదాకా నిర్బంధ కేంద్రంలో పెడతారు. శరణు కోరుతున్నానన్న మాట రికార్డులో ఎక్కడా ఉండదు. అందుకే మొదటి రిమాండ్ రోజే, వెనక్కి పంపితే ఏం జరుగుతుందో రాతపూర్వకంగా మెజిస్ట్రేటుకు ఇవ్వాలి, దాని నకలు విదేశీయుల నమోదు కార్యాలయానికి (ఎఫ్‌ఆర్‌ఆర్‌వో) పంపాలి. ఊళ్లు, తేదీలు నోటి అంచనాతో రాయించకూడదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ ఇంటర్వ్యూలో చెప్పే తేదీకీ దీనికీ పొంతన లేకపోతే మొత్తం కథే అబద్ధమంటారు. దుబాసీ ఆ మనిషి మాట్లాడే యాస తెలిసినవాడో కాదో ముందే అడగాలి.

సరిహద్దురేఖ:
ఇవన్నీ అమలులో లోపాలు. హోంశాఖ 2011 డిసెంబరు 29న జారీ చేసిన విధివిధానాలు ఉన్నాయి కదా. మతం, జాతి, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో హింస ఉంటుందన్న భయం నిజమనిపిస్తే లాంగ్ టర్మ్ వీసాకు సిఫారసు చేయొచ్చు. అది వస్తే ప్రైవేటు ఉద్యోగం, చదువు రెండూ కుదురుతాయి. వాటినే సరిగ్గా నడిపిస్తే సరిపోతుంది, కొత్త చట్టం ఎందుకు?

గోదారిగట్టు:
ఎందుకంటే అవి హోంశాఖ ఎప్పుడైనా మార్చుకోగల ఆదేశాలు. వీసా నిరాకరిస్తే అప్పీలు ఎవరి దగ్గరికి? నేరుగా హైకోర్టుకు రిట్. అక్కడా ఒకే మాట లేదు. మయన్మార్ నుంచి వచ్చి జమ్మూలో ఉన్న రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, సమానత్వం, జీవించే హక్కు గురించిన 14, 21 అధికరణాలు అందరివీ అంటూనే, దేశం దాటించకుండా ఉండే హక్కు, దేశంలో ఎక్కడైనా నివసించొచ్చని పౌరులకే హామీ ఇచ్చే 19(1)(ఇ)తో ముడిపడిందని చెప్పింది. నెల తిరక్కముందే మణిపూర్ హైకోర్టు, తిప్పి పంపకూడదన్న సూత్రం 21లోనే ఉందని చెప్పి, మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురిని ఢిల్లీ యూఎన్‌హెచ్‌సీఆర్‌కు వెళ్లనిచ్చింది. పుట్టిన దేశం ఒకటే, దాక్కున్న రాష్ట్రం వేరు, తీర్పు వేరు. ఇది న్యాయమెలా అవుతుంది? మీరు భయపడుతున్న కోర్టు కేసులు చట్టం లేకపోవడం వల్లే పెరుగుతున్నాయి. 1971 లాంటి వెల్లువ వస్తే ఒక్కొక్కరి దరఖాస్తు వినక్కర్లేకుండా గుంపుగా గుర్తించే వీలు భగవతి ముసాయిదాలోనే ఉంది.

పాతబస్తీ_చదువరి:
హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యాల దగ్గర యూఎన్ కార్డు ఉంటుంది కదా, అది చాలదా?

కోర్టువరండా:
చాలదు. ఆ మనిషిని శరణార్థిగా ఆ సంస్థ గుర్తించిందని కార్డు చెబుతుంది, అంతే. మన చట్టంలో అది వీసా కాదు, దాన్ని చూపిస్తే ఆధార్ ఇవ్వరు. ఈ ఇబ్బందిలో దళారుల మాట విని తప్పుడు చిరునామాతో ఆధార్ తీసుకున్నవాళ్లపై ఫోర్జరీ కేసు అదనంగా పడుతుంది, ఆ కేసున్న వాళ్లకు వీసా సిఫారసు దాదాపు అసాధ్యం. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమ్మిగ్రేషన్, ఫారినర్స్ చట్టం అమల్లో ఉంది. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకుముందు నేరానికి కొత్త శిక్ష వేయడం 20వ అధికరణం ఒప్పుకోదు, ఛార్జిషీటులో తేదీ తప్పక చూసుకోండి.

సరిహద్దురేఖ:
అదే రోజు వచ్చిన మినహాయింపు ఉత్తర్వు కూడా చెప్పండి. 2015 జనవరి 9 దాకా వచ్చి నమోదైన శ్రీలంక తమిళులను శిక్షల నుంచి తప్పించారు. ప్రభుత్వం తలుచుకుంటే చేస్తుంది.

గోదారిగట్టు:
అవును, తమిళులకు అది మంచి ఉత్తర్వు, స్వాగతిస్తాను. రోహింగ్యాలకు అలాంటిది లేదు, ఎందుకు లేదని అడగడానికి వాళ్లకు ఒక అధికారి కూడా లేడు. వినే అధికారిని పెట్టమనే భగవతి గారు అడిగింది.