అప్‌డేట్: స్విఫ్ట్‌కు 15 అంగుళాల అల్లాయ్‌లు వేయించాను

14 అంగుళాల స్టీలు చక్రాలు తీసేసి 15 అంగుళాల అల్లాయ్ (మిశ్రలోహపు) చక్రాలు వేస్తే స్పీడోమీటరు తప్పు చూపిస్తుందా, బ్రేకులు కూడా మార్చాలా అని అడిగాను కదా. పని పూర్తయింది.

టైరు సైజు 165/80 ఆర్14 నుంచి 185/65 ఆర్15కు మారింది. మొత్తం వ్యాసం 619.6 మి.మీ. నుంచి 621.5కు పెరిగింది, అంతే. స్పీడోమీటరు గురించి బెంగ అక్కర్లేదు.

అసలు తలనొప్పి వేరే చోట వచ్చింది. వేగం 80 దాటగానే స్టీరింగు వణికేది. షాపువాళ్లు మళ్లీ మళ్లీ బ్యాలెన్సింగే (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చేశారు. చివరికి చక్రం విప్పించి కొలిస్తే హబ్బు (చక్రం కూర్చునే మధ్య భాగం) 54.1 మి.మీ., అల్లాయ్ మధ్య రంధ్రం 67.1! చుట్టూ చిటికెన వేలి గోరు దూరేంత సందు. ఆ సందు పూడ్చే ప్లాస్టిక్ రింగులు బిగించాక వణుకు మాయం. రింగుల సంగతి చెప్పినవారికి దండాలు. షాపులో వాటి ఊసే ఎత్తలేదు.

బ్రేకుల విషయంలో పెద్ద డిస్కుల జోలికి పోలేదు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్పించి, డాట్ 4 రకం బ్రేకు ఆయిలు పోయించాను. ఖాళీ రోడ్డు మీద 60 కి.మీ. వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదేపదే వేగం తగ్గించి ప్యాడ్లను కుదురుకోనిచ్చాను. కాస్త కాలిన వాసన వచ్చింది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పెడల్ మెత్తబడటం జరగలేదు.

గతుకులు మాత్రం ఇదివరకటికన్నా బాగా తెలుస్తున్నాయి. టైరు పక్కగోడ ఎత్తు 132 నుంచి 120 మి.మీ.కు తగ్గింది మరి. స్టెప్నీ పాతదే.